ఆదివారం ఆరాధనను నడిపించడం ఎలా? కొత్త సంఘకాపరులకు, సంఘ పెద్దలకు

మీరు సెమినరీ ముగించి మొదటి సంఘానికి వచ్చి ఉండొచ్చు. లేదా పాస్టర్ గారు నాలుగు ఊళ్లు చూసుకోవాల్సి రావడంతో, సంఘ పెద్దగా మీ ఊరి ఆరాధన మీ మీద పడి ఉండొచ్చు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినా, లూథరన్ అయినా, బాప్టిస్టు అయినా, ఆదివారం ఉదయం మీరు లేచి నిలబడితేనే ఆరాధన మొదలవుతుంది. టెన్షన్ ఉంటుంది. ఆ టెన్షన్‌లో చాలామంది అన్నీ తామే చేసేస్తారు. పాట ఎత్తుకునేది వాళ్లే, ప్రార్థించేది వాళ్లే, వాక్యం చదివేదీ, వివరించేదీ, ప్రకటనలు చెప్పేదీ వాళ్లే. రెండున్నర గంటల తర్వాత సంఘం లేచి ఇంటికి వెళ్తుంది. ఆ రెండున్నర గంటల్లో సంఘానికి నోరు తెరిచే అవకాశం దొరికింది నాలుగు పాటలకే.

ఆరాధించేది సంఘం, మీరు నడిపించేవారు. కింద చెప్పేవన్నీ ఈ మాటకు కట్టుబడినవే. 1520లో జర్మన్ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ బాప్తిస్మం పొందిన ప్రతి విశ్వాసీ యాజకుడే అని రాశారు. కొందరు జనం తరఫున ఆరాధన చేసిపెడితే జనం చూస్తూ నిలబడే పద్ధతి అక్కడితో పోవాలి. అయితే అందరూ ఒకేసారి బోధించలేరు కాబట్టి, సంఘం పిలిచి నియమించినవారే బహిరంగంగా వాక్యాన్ని, సంస్కారాలను (బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం) నిర్వహించాలని కూడా ఆయనే చెప్పారు. మీ అధికారం ఆ పిలుపు నుంచే వచ్చింది. అది ఎంతవరకు అన్నదీ ఆ పిలుపే చెబుతుంది.

సోమవారం: ముందు వాక్యభాగం

ఆదివారం ఏం చెప్పాలా అని శనివారం రాత్రి వెతుక్కోవద్దు. మీ సంఘానికి ఏడాది పొడవునా చదవాల్సిన వాక్యభాగాల పట్టిక ఉంటే దాన్నే అనుసరించండి. లేకపోతే ఒక పుస్తకం తీసుకుని వరసగా చెప్పండి. మార్కు సువార్త 16 అధ్యాయాలే, మొదలుపెట్టడానికి మంచిది. లూథర్ కాలంలోనే స్విస్ సంస్కర్త ఉల్రిక్ జ్వింగ్లీ 1519 జనవరి 1న జ్యూరిక్‌లో మత్తయి సువార్తను మొదటి నుంచి వరసగా బోధించడం మొదలుపెట్టారు. మరో సంస్కర్త జాన్ కాల్విన్‌ను జెనీవా నగరం 1538లో వెళ్లగొట్టి, 1541లో మళ్లీ పిలిపించుకుంది. తిరిగి ప్రసంగ వేదిక ఎక్కిన రోజు ఆయన తనను తరిమినవాళ్లను నిలదీయలేదు. మూడేళ్ల కింద ఎక్కడ ఆపారో అక్కడి నుంచే వాక్యం వివరించడం కొనసాగించారు.

ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. వాక్యభాగాన్ని మీరు ప్రతి వారం మీకు తోచినట్టు ఎంచుకుంటే, తెలియకుండానే మీ కోపాలు, మీకు ఇష్టమైన విషయాలే సంఘానికి ఆహారమవుతాయి. గత వారం కమిటీ మీటింగులో మిమ్మల్ని ఎదిరించిన పెద్దకు ఈ వారం ప్రసంగంలో జవాబు చెప్పాలనిపిస్తుంది. వరసగా చెప్పేవారికి ఆ దారి మూసుకుపోతుంది.

వాక్యభాగం తేలాక ఆరాధన క్రమాన్ని ఒక కాగితం మీద రాయండి. ప్రతి అంశం పక్కన పెన్సిల్‌తో ఒక అక్షరం వేయండి. దేవుని మాట సంఘానికి వినిపించే చోట ‘దే’. సంఘం దేవునితో మాట్లాడే చోట ‘సం’. ఆరాధనకు పిలుపు, క్షమాపణ వాక్యం, వాక్యపఠనం, ప్రసంగం, ఆశీర్వచనం ‘దే’ కిందికి వస్తాయి. పాటలు, పాపాల ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, విజ్ఞాపన (ఇతరుల కోసం చేసే ప్రార్థన), కానుకలు ‘సం’ కిందికి వస్తాయి.

‘దే’ అని ఉన్న చోట సంఘం వైపు తిరిగి, తల ఎత్తి, నెమ్మదిగా మాట్లాడండి. ‘సం’ అని ఉన్న చోట మీరూ సంఘంలో ఒకరు. వాళ్లతో పాటు మోకరించండి, వాళ్లతో పాటు పలకండి. “వీళ్లను క్షమించు ప్రభువా” అని ప్రార్థించేవారిని మీరు వినే ఉంటారు. అలా కాదు, “మమ్మల్ని క్షమించు” అనాలి. కాగితం మీద ‘సం’లు తక్కువగా కనిపిస్తే, లేదా ఉన్నవాటిలోనూ మాట్లాడే గొంతు మీదొక్కటే అయితే, ఆ క్రమాన్ని మళ్లీ రాయండి.

బుధ, గురువారాల్లో: పనులు పంచడం

1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంత పెద్ద కార్యం జరిగిన రోజున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ స్వయంగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోకి దిగి ఇచ్చారు. మీ సంఘంలో పనులు పంచేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

వాక్యం చదివేవారికి గురువారానికల్లా భాగం చెప్పండి. ఆదివారం ఉదయం గుమ్మం దగ్గర ఆపి “అమ్మా, నువ్వు చదువు” అంటే, ఎంత బాగా చదివే అమ్మాయైనా నెబుకద్నెజరు పేరు దగ్గర తడబడుతుంది. మన పాత అనువాదంలో వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, సంధులు ఎక్కువ. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గీత పెట్టమనండి. ఇంట్లో రెండుసార్లు పైకి చదవమనండి. చదవడం కూడా వాక్యపరిచర్యే. నెహెమ్యా 8వ అధ్యాయంలో ధర్మశాస్త్రాన్ని స్పష్టంగా చదివి, జనానికి అర్థం చెప్పారని ఉంది. అర్థం చెప్పడం ఎంత పనో, స్పష్టంగా చదవడం అంత పని.

స్త్రీలకు ఇవ్వండి. మన సంఘాల్లో కూర్చుని ఉండేవారిలో ఎక్కువమంది స్త్రీలే, మైకు దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది పురుషులే. 2013లో నంద్యాల డయోసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సీఎస్ఐలో ఆ బాధ్యత చేపట్టిన మొదటి స్త్రీ ఆవిడ. అలాంటప్పుడు మీ ఊరి స్త్రీల సమాజం నుంచి ఒకరు విజ్ఞాపన ప్రార్థన నడిపించడానికి అడ్డేముంది? పదో తరగతి పిల్లలకు, ఇంటర్ పిల్లలకు కూడా ఇవ్వండి.

చదవడం రానివారి సంగతి కూడా ఆలోచించండి. డోర్నకల్ ప్రాంతంలో, 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వి. ఎస్. అజరయ్య కాలంలో, అక్షరం రాని కూలీలు పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు కంఠతా నేర్చుకున్నారు. బైబిలు కథలను పాటలుగా పాడుకున్నారు. పుస్తకం చేతిలో లేకపోయినా ఆరాధనలో వాళ్ల నోటికి మాట ఉండేది. కాబట్టి సంఘం పలికే జవాబులు చిన్నవిగా, ప్రతి వారం ఒకేలా ఉంచండి. అమెరికాలోని తెలుగు సంఘాల్లో ఇదే ఇబ్బంది మరోలా వస్తుంది. అక్కడ పుట్టిన పిల్లలు తెలుగు వింటే అర్థం చేసుకుంటారు గానీ చదవలేరు. వాళ్ల కోసం తెర మీద తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా చూపించండి.

పాటలు

ఒక పాత కీర్తన, ఒకటి రెండు కొత్త పాటలు చాలు. పురుషోత్తమ చౌదరి వంటివారు 19వ శతాబ్దంలో మన రాగాల్లో కట్టిన కీర్తనలు పెద్దవాళ్లకు పుస్తకం చూడకుండా వస్తాయి. వాటిని మూలన పెడితే వాళ్ల నోరు కట్టేసినట్టే. యువకులు తెచ్చే కొత్త పాటలను తీసేస్తే వాళ్ల నోరు కట్టేసినట్టే.

శృతి సంగతి శనివారం ప్రాక్టీసులోనే తేల్చండి. పాడేవాళ్ల గొంతుకు సరిపోయే శృతి వెనక వరసలోని ముసలమ్మకు అందదు. కీబోర్డు వాయించే అబ్బాయికి ఒకటి రెండు మెట్లు దించమని చెప్పండి. సౌండు కూడా తగ్గించండి. పక్కన కూర్చున్నవాళ్లు పాడేది ఒకరికొకరికి వినిపించనంత గట్టిగా స్పీకర్లు మోగితే, జనం పాడటం మానేసి వింటూ కూర్చుంటారు. వారానికి ఒక చరణమైనా వాయిద్యాలన్నీ ఆపి, వట్టి గొంతులతో పాడించండి.

ఆదివారం ఉదయం: మొదలుపెట్టడం

అరగంట ముందు వెళ్లండి. మైకు, బల్ల, చదివేవారు వచ్చారో లేదో చూసుకోండి. ఆ తర్వాత ఎవరైనా ఏ సమస్య తెచ్చినా “ఆరాధన అయ్యాక మాట్లాడదాం” అనండి. పెద్దలతో కలిసి క్లుప్తంగా ప్రార్థించి లోపలికి రండి.

చెప్పిన టైముకు మొదలుపెట్టండి, పదిమందే ఉన్నా సరే. ఆలస్యంగా వచ్చినవాళ్లను వేదిక మీద నుంచి మందలించవద్దు. ఇంటిపని, పశువుల పని ముగించుకుని రెండు కిలోమీటర్లు నడిచి వచ్చిన ఆవిడకు మొదట వినిపించేది మందలింపు కాకూడదు. మొదటి మాట ప్రకటన కూడా కాకూడదు. ఒక కీర్తన వచనం తీసుకుని, సంఘాన్ని దేవుని సన్నిధికి పిలవండి. అప్పుడు పాట.

ఒప్పుకోలు, క్షమాపణ

దీన్ని చాలా సంఘాల్లో తొందరగా దాటేస్తారు, కొన్నిచోట్ల పూర్తిగా వదిలేశారు. దయచేసి వదలకండి. అందరూ కలిసి పలికే ఒప్పుకోలు ప్రార్థన ఒకటి ఉంచండి. దానికి ముందు అర నిమిషం మౌనంగా ఉండండి. అర నిమిషం మీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది; కీబోర్డుతో నింపవద్దు.

ఆ తర్వాత లేచి, సంఘం వైపు తిరిగి, క్షమాపణ వాక్యం చెప్పండి. 1 యోహాను 1:9 చదివితే చాలు. క్షమించేది మీరు కాదు. దేవుడు క్షమిస్తానన్నాడని గట్టిగా, సందేహం లేకుండా ప్రకటించడం మీ పని. వారమంతా తప్పు చేశానన్న బరువు మోసుకుంటూ వచ్చినవాళ్లు ఆ ఒక్క మాట కోసమే వచ్చి ఉండొచ్చు. దాన్ని గొణగకండి, దానికి షరతులు తగిలించకండి.

ప్రసంగం

ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు పెట్టుకోండి. వాక్యభాగం ఏం చెబుతుందో ఒక్క వాక్యంలో రాసుకోండి. రాయలేకపోతే ప్రసంగం ఇంకా సిద్ధం కాలేదన్నమాట. బైబిలు మాటలను ఉన్నట్టే చదివి, వివరణ మీ ఊరి మాటలో చెప్పండి. బైబిలు భాషలోనే ప్రసంగమంతా నడిపితే గంభీరంగా వినిపిస్తుంది, కానీ సండే స్కూల్ పిల్లలకు ఏమీ అందదు.

ప్రతి రెండు నిమిషాలకు “స్తోత్రం చెప్పండి”, “పక్కవారితో చెప్పండి” అని అడిగి మాటలు రాబట్టవద్దు. అది సంఘం తనంతట తాను చెప్పే ఆమేన్‌ కాదు. సంఘంలో ఎవరో మీతో ఏకాంతంగా చెప్పుకున్న కష్టాన్ని, పేరు తీసేసి అయినా, ఉదాహరణగా వాడవద్దు. చిన్న ఊళ్లో పేరు అక్కర్లేదు, అందరికీ తెలిసిపోతుంది. ఆ మనిషి మళ్లీ మీ దగ్గర నోరు తెరవడు.

విజ్ఞాపన ప్రార్థన

కొత్తవారు తేలిగ్గా తీసుకునేది, నా దృష్టిలో కష్టమైనది ఇదే. ఇక్కడ మీరు ఊరి బరువునంతా దేవుని ముందు పెడుతున్నారు.

వారమంతా చిన్న నోటుబుక్కు దగ్గర ఉంచుకోండి. ఇళ్లకు వెళ్లినప్పుడు విన్నవి రాసుకోండి: ఆసుపత్రిలో ఉన్నవారు, కాన్పు దగ్గరపడినవారు, మార్చిలో పరీక్షలు రాసే పిల్లలు, గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు నుంచి ఫోను రాని తల్లి, వాన లేక ఎండిపోతున్న పత్తి. శనివారం సాయంత్రం వీటిని వరసలో పెట్టండి. సార్వత్రిక సంఘం, దేశం, పాలకులు, మన ఊరు, రోగులు, దుఃఖంలో ఉన్నవారు. రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమని 1 తిమోతి 2వ అధ్యాయం చెబుతోంది. మీరు ఓటు వేసిన పార్టీ గెలిచిందా ఓడిందా అన్నది దానికి సంబంధం లేదు. మన సంఘంలో లేని పొరుగువారి కోసం కూడా పేరు పెట్టి ప్రార్థించండి.

పేరు చెప్పే ముందు అడగండి. “మీ ఆపరేషన్ గురించి ఆదివారం ప్రార్థనలో చెప్పమంటారా?” అని ఒక్క మాట చాలు. అప్పులు, భార్యాభర్తల గొడవలు, గర్భం పోవడం, మతిస్థిమితం లేకపోవడం, ఇవి మైకులో వినిపించాల్సినవి కావు. “కష్టంలో ఉన్న ఒక కుటుంబం” అంటే దేవునికి తెలుస్తుంది.

ప్రార్థనలో సంఘాన్ని తిట్టవద్దు. “ప్రభువా, కొందరు మూడు వారాలుగా మందిరానికి రావడం లేదు, నీకు తెలుసు” అని కళ్లు మూసుకుని అంటే, ఆ మాట దేవునితో అన్నది కాదు. ప్రసంగాన్ని మరోసారి ప్రార్థన రూపంలో చెప్పడం కూడా ఇలాంటిదే. రోగుల కోసం విశ్వాసంతో ప్రార్థించండి, కానీ మందులు ఆపేయమని సూచించే మాట ఒక్కటీ నోటి వెంట రానివ్వకండి. షుగర్ మాత్ర, టీబీ మందు, ఫిట్స్ మందు ఆపి ప్రాణం మీదికి తెచ్చుకోవడం విశ్వాసం కాదు.

ప్రతి విషయం తర్వాత ఆగండి. “ప్రభువా, నీ ప్రజల ప్రార్థన” అని మీరంటే “ఆలకించుము” అని సంఘం అనాలి. రెండు మూడు వారాల్లో అలవాటైపోతుంది. పౌలు 1 కొరింథీయులకు 14:16లో అడుగుతాడు: నువ్వు చెప్పేది అర్థం కాకపోతే, వింటున్నవాడు ఆమేన్ ఎలా చెబుతాడు? కాబట్టి మీ ప్రార్థన అర్థం కావాలి, వినిపించాలి, చివర సంఘం ఆమేన్ అనేంతవరకు మీరు ఆగాలి. ఆ ఆమేన్ మీరే చెప్పేసి తర్వాతి పని మొదలుపెట్టవద్దు. అది వాళ్లది.

కానుకలు, ప్రకటనలు

కానుకలు పట్టాక బల్ల దగ్గరికి తెచ్చి, ఒక వాక్యంలో కృతజ్ఞత చెల్లించండి. ఎవరు ఎంత ఇచ్చారో పేర్లతో చదవడం మానేయండి. ఇద్దరు లెక్కపెట్టాలి, ఇద్దరూ సంతకం చేయాలి, మీరు డబ్బు ముట్టకండి. ప్రకటనలు అయిదు నిమిషాలు మించకూడదు.

ప్రభువు బల్ల

ముందు మీ సంఘ నియమం తెలుసుకోండి. సీఎస్ఐలో, లూథరన్ సంఘంలో అభిషేకం పొందినవారే (సంఘం పాస్టరుగా నియమించినవారే) బల్ల నడిపించాలి. బాప్టిస్టు సంఘాల్లో మామూలుగా పాస్టర్ గారు నడిపిస్తే పెద్దలు పంచుతారు. మీకు అభిషేకం లేకపోతే, అభిషేకం ఉన్నవారిని పిలిపించండి. తొందరపడి మీరే చేయవద్దు.

1947 సెప్టెంబర్ 27న సీఎస్ఐ ఏర్పడింది. 1950లో తయారైన దాని ప్రభురాత్రి భోజన క్రమంలో ప్రెస్బిటర్ (అభిషేకం పొందిన సంఘకాపరి) బల్ల వెనక, సంఘం వైపు తిరిగి నిలబడతారు. సమాధానాన్ని, అంటే శాంతిని, చేతుల ద్వారా ఒకరి నుంచి ఒకరికి అందిస్తారు. ఇది కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్న పద్ధతి. మీ సంఘం ఏదైనా ఈ రెండూ నేర్చుకోదగినవి. రొట్టె తీసుకోవడం, కృతజ్ఞత చెల్లించడం, విరవడం, ఇవ్వడం, ఈ నాలుగు పనులూ అందరికీ కనిపించాలి. జనానికి వీపు తిప్పి, పూలకుండీల వెనక చేస్తే ఎవరికీ కనిపించవు. 1 కొరింథీయులకు 11:23 నుంచి చదివేటప్పుడు పుస్తకంలోకి కాదు, రొట్టె వైపు, మనుషుల వైపు చూడండి.

ముందు వారంలో ఎవరెవరు బల్లకు దూరంగా ఉంటున్నారో గమనించి, ఇంటికి వెళ్లి మాట్లాడండి. తరచూ కారణం ఒక తగాదా అయి ఉంటుంది. ఇద్దరినీ కూర్చోబెట్టడం కూడా బల్ల సిద్ధం చేయడంలో భాగమే. బాప్తిస్మం ఇంకా తీసుకోనివారికి మీ సంఘ నియమాన్ని ముందే మృదువుగా చెప్పండి. ఆశీర్వాద ప్రార్థన కోసం ముందుకు రావచ్చని చెప్పండి.

ఒక విషయంలో మాత్రం మెత్తగా ఉండకండి. మాల, మాదిగ అన్న దూరాలు మన సంఘాల్లోకి కూడా వచ్చాయి. ఎవరు ముందు తీసుకోవాలి, ఎవరి తర్వాత ఎవరు గిన్నె ముట్టాలి అన్న పట్టింపు బల్ల దగ్గర కనిపిస్తే, అక్కడ ప్రభువు బల్ల లేదు. ఒకే వరస, ఒకే రొట్టె, వచ్చినవారు వచ్చినట్టే. పెద్దలు అభ్యంతరం చెబితే ఇంటికి వెళ్లి ఎంతసేపైనా మాట్లాడండి, కానీ వరస మార్చకండి.

మోకరించలేనివారి దగ్గరికి మీరే వెళ్లండి. ఇళ్లలో మంచం పట్టినవారికి ఆ మధ్యాహ్నమే, ఒక పెద్దను వెంటబెట్టుకుని తీసుకెళ్లండి.

ఆశీర్వచనం

కళ్లు మూసుకోవద్దు. చెయ్యెత్తి, సంఘాన్ని చూస్తూ, 2 కొరింథీయులకు 13:14 లేదా సంఖ్యాకాండం 6:24-26 చెప్పండి. అభిషేకం పొందినవారు “మీకందరికి తోడై యుండును గాక” అంటారు. సంఘ పెద్దగా నడిపిస్తున్నవారు “మనకందరికి” అనడం మంచి ఆచారం. దాని తర్వాత ఏ ప్రకటనా వద్దు. గుమ్మం దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెప్పండి. నోటుబుక్కు జేబులో ఉంచుకోండి. ప్రార్థన విషయాలు ఎక్కువగా అక్కడే చెబుతారు.

మీరు లేని ఆదివారం

మీకు జ్వరం రావచ్చు, మరో ఊరికి వెళ్లాల్సి రావచ్చు. ఆ రోజుకు ఆరాధన ఆగకూడదు. పూర్తిగా రాసిన రెండు ఆరాధన క్రమాలు, అందరికీ వచ్చిన కీర్తనల నంబర్లు, చదివి వినిపించడానికి వీలుగా మీరు రాసిన ఒక చిన్న ప్రసంగం ఒక కవరులో పెట్టి, ఒక పెద్దకు, స్త్రీల సమాజం బాధ్యురాలికి చూపించి ఉంచండి. బీరువా తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి. మీరు ఊళ్లో ఉన్నప్పుడే ఏడాదికి రెండు మూడుసార్లు ఆ కవరుతో వాళ్లను నడిపించమని, మీరు నాలుగో వరసలో కూర్చోండి. మధ్యలో లేచి సరిచేయవద్దు.

తిరిగి వచ్చిన రోజు వాళ్లను అడగండి: ఎవరు చదివారు, ఏ పాటకు గొంతులు బాగా కలిశాయి, ఎవరి కోసం ప్రార్థించారు, ఎవరు రాలేదు. రానివారి ఇళ్లకు మంగళవారం వెళ్లండి.